పెద్దక్క పాదం, పెద్దక్క గుండె

ఆమె పాదం ఆరో నంబరు. షాపువాళ్లు ఆమె చేతిలో పెట్టిన బూట్లు ఐదో నంబరు. ఏళ్ల తరబడి వాటితోనే నడిచింది.

ఊళ్లో పేరున్న చెప్పుల షాపు అది. మూడంతస్తులు, అద్దాల తలుపులు, లోపల చల్లగాలి. అక్కడ పనిచేసే ఆడవాళ్లు సొంత చెప్పులు వేసుకోకూడదు. అమ్ముడుపోకుండా మిగిలిన మోడల్ ఏదుంటే దాన్ని తొడుక్కుని తిరగాలి. కొనడానికొచ్చినవాళ్లు కిందికి చూస్తారు, "అవి బాగున్నాయే" అంటారు, సరుకు కదులుతుంది. యాజమాన్యం లెక్క అది. మిగిలిపోయిన సరుకులో అందరి సైజులూ ఎక్కడుంటాయి? ఉన్నవాటినే పంచేవారు. పెద్దక్కది వెడల్పు పాదం. వెడల్పు పాదాలకు పట్టే జతలు ముందుగానే అమ్ముడైపోతాయి కాబట్టి, ఆమె వంతుకు ఎప్పుడూ ఇరుకువే వచ్చేవి.

"బిగుతువి తీసుకోకండి, బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి, లేకపోతే తర్వాత బాధపడతారు" అని ఊరందరికీ చెప్పిన మనిషి ఆమె. తన వేళ్లను మాత్రం ఒకదాని మీదొకటి ఎక్కించి బూట్లలోకి తోసేది. మొదట్లో ఒకసారి చెప్పి చూసింది. "నీ కాలు పెద్దదైతే మేమేం చేస్తాం" అన్నారు. అంతే, మళ్లీ నోరెత్తలేదు.

దాన్నెవరూ అన్యాయం అనలేదు. రూలు అన్నారు. మన దగ్గర చాలా అన్యాయాలకు అదే ముద్దుపేరు.

కూర్చోవడానికి కూడా రూలుండేది. కొనేవాళ్లకు మెత్తటి బెంచీలు. అమ్మేవాళ్లకు కుర్చీ లేదు. ఉన్నదల్లా ఒక వాలు పీట. దాని ముందు భాగం ఏటవాలుగా ఉంటుంది, అక్కడ కొనేవాళ్లు పాదం పెడతారు. వెనక భాగంలో అమ్మే మనిషి కూర్చుని బూటు తొడుగుతుంది. పీట మీద ఎదుటివాళ్ల పాదం ఉన్నంతసేపే కూర్చునే హక్కు. పాదం దిగితే మనిషి లేవాల్సిందే. అందుకని ఆ ఆడవాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మొదటి జతే అతికినట్టు సరిపోయినా, "ఎందుకైనా మంచిది, ఇంకో సైజు కూడా చూద్దామండీ" అనేవాళ్లు. ఇంకో జత, ఆపైన ఇంకో రంగు. "ఎంత ఓపికమ్మా నీకు" అని కొనేవాళ్లు మెచ్చుకునేవారు. ఓపిక కాదది, నడుం నొప్పి.

ఫ్లోర్ మేనేజరుకి ఈ సంగతి తెలుసు. అస్తమానం చేతి గడియారం చూసుకుంటాడని అతనికి వెనకాల 'గడియారం' అని పేరు.

"పెద్దక్కా, ఆవిడకి మొదటి జతే సరిపోయింది కదా, మళ్లీ ఎందుకు తీస్తున్నావు?"

"ఎడమ కాలు కాస్త పెద్దది సార్ ఆవిడకి."

"పొద్దున వచ్చినావిడకీ ఎడమ కాలే పెద్దదన్నావు."

"నిలబడీ నిలబడీ పెరుగుతాయేమో సార్," పక్క కౌంటరు నుంచి రేడియో అందుకునేది. "నావి కూడా ఒకసారి కొలవండి. కాస్త కూర్చుంటాను."

రేడియో అంటే ఒక అమ్మాయి. నోరు ఆగదు కాబట్టి ఆ పేరు. పెద్దక్కని పెద్దక్క చేసింది కూడా ఆ నోరే. ఆ అంతస్తులో వయసులో అందరికన్నా పెద్దది, అందరి చంటిపిల్లల జ్వరాలూ, మొగుళ్ల అలకలూ ఆమె చెవిన పడాల్సిందే. కొన్నాళ్లకు గడియారం కూడా అసలు పేరు మరిచిపోయి పెద్దక్కా అనడం మొదలుపెట్టాడు.

ఆమె ఆ షాపులో చేరింది భర్త పోయాక. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది భర్త అక్క ఒక్కతే. పెద్దక్కకు వదిన. ఆవిడా భర్త పోయి తమ్ముడి పంచన చేరిన మనిషే. తమ్ముడు పోయాక చుట్టాలు వచ్చి, "ఇంక మీరిద్దరూ ఎవరి దారి వాళ్లు చూసుకోండి" అని సలహా ఇచ్చారు. "మా దారి ఒక్కటే, మీ దారి అదిగో అటు" అని వదిన తలుపు చూపించింది. అప్పటినుంచీ రెండు గదుల ఇంట్లో ఇద్దరే ఆడవాళ్లు. ఒకరి జీతం, ఒకరి కాజాలు. టైలరింగ్ షాపు నుంచి చొక్కాలు తెప్పించుకుని, కిటికీ పక్కన కూర్చుని గుండీలకు కాజాలు కుట్టేది వదిన. కళ్లు తగ్గుతున్నాయి కాని నాలుక తగ్గలేదు.

పెద్దక్కకు షుగరు ఉన్నట్టు చాలా కాలం కిందటే తెలిసింది. మాత్రలు రాశారు. పొద్దున మాత్రకు ఇబ్బంది లేదు, వదిన ఎదురుగా నిలబడి మింగించేది. మధ్యాహ్నం మాత్ర తిండికి ముందు వేసుకోవాలి. షాపులో తిండి ఎప్పుడంటే జనం పల్చబడ్డప్పుడు. మాత్ర వేసుకున్నాక జనం పల్చబడకపోతే కళ్లు తిరుగుతాయి. రెండుసార్లు అలా జరిగాక ఆ మాత్ర సంచీలోనే ఉండిపోయింది. నీళ్ల సంగతీ అంతే. షుగరున్న మనిషికి దాహం ఎక్కువ, బాత్రూముకు వెళ్లే అవసరమూ ఎక్కువే. షాపులో బాత్రూము పై అంతస్తులో, గోడౌను పక్కన. లిఫ్టు కొనేవాళ్లకు మాత్రమే. వెళ్లిన ప్రతిసారీ గడియారానికి చెప్పి వెళ్లాలి. మగవాడికి రోజూ అన్నిసార్లు ఆ మాట చెప్పడం ఇష్టంలేక ఆమె నీళ్లు తాగడమే మానుకుంది.

డాక్టరు చీటీలో రాసిందొకటి, షాపు రోజుకి రాసిందొకటి. రెండిట్లో ఏది గెలుస్తుందో వేరే చెప్పాలా?

కొన్నాళ్లకు గోడౌను మెట్లెక్కుతుంటే ఊపిరి అందకపోవడం మొదలైంది. మెట్ల మలుపు దగ్గర ఆగి, చేతిలోని పెట్టెల మీది సైజులు చూస్తున్నట్టు నటించేది. "పెద్దక్క ఎంత జాగ్రత్తో, దారిలో కూడా సరిచూసుకుంటుంది" అనుకునేవాళ్లు. నిలబడి నిలబడి పాదాలు వాచేవి. ఆ వాపునీ ఎవరూ పట్టించుకోలేదు. ఆ షాపులో సాయంత్రానికి వాయని కాళ్లు ఎవరివి?

ఒక మధ్యాహ్నం గోడౌనులో పెట్టెలు దించుతుండగా ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టాయి. కడుపులో తిప్పి వాంతి అయింది. ఛాతీలో నొప్పి లేదు. చేతికీ లేదు. ఒంట్లోంచి ఎవరో బలమంతా తోడేసినట్టు అట్టపెట్టెల మీద కూలబడింది. రేడియో పరిగెత్తి సోడా తెచ్చింది.

"గ్యాస్ అయుంటుంది," అన్నాడు గడియారం. "ఖాళీ కడుపున ఉంటే అంతే. కాసేపు ఇక్కడే ఉండు పెద్దక్కా. ఈ వాలకంతో కిందికి రాకు, కస్టమర్లు చూస్తే బాగోదు."

సాయంత్రానికి మళ్లీ కిందికి దిగి బూట్లు తొడిగింది. ఇంటికెళ్లి వదినతో కూడా గ్యాస్ అనే చెప్పింది.

ఆ తర్వాత కొత్త మోడల్ వచ్చింది. ముందు భాగం సూదిలా ఉండే బూట్లు. ఎవరూ కొనలేదు కాబట్టి పనివాళ్ల కాళ్లకెక్కాయి. మొదటి వారంలోనే పెద్దక్క చిటికెనవేలు పక్కన పొక్కింది. ఇక్కడ ఆమె ఒక పొరపాటు చేసింది. చెప్పుల షాపులో బతికినవాళ్లు మాత్రమే చేసే పొరపాటు అది. వాళ్ల వృత్తిలో చెప్పు కరిస్తే వైద్యం చెప్పుకే. గోడౌనులో కొయ్య అచ్చులుంటాయి. కరిచే చోట తోలు తడిపి, అచ్చు బిగించి ఒక రాత్రి ఉంచితే తోలు సాగుతుంది. కొనుక్కెళ్లినవాళ్లు "కరుస్తోందమ్మా" అని వెనక్కి తెస్తే ఆమె చేసేది ఆ పనే. తన బూటుకూ అదే చేసింది. మర్నాడు తొడిగి చూస్తే నొప్పి లేదు. "దారికొచ్చింది" అనుకుంది. కాలికి ఒక పట్టీ అంటించి, దాని సంగతి మరిచిపోయింది.

నొప్పి లేకపోవడానికి కారణం బూటు సాగడం కాదు. ఏళ్ల షుగరుకి పాదంలోని నరాలు మొద్దుబారిపోయాయి. బూటు ఇంకా కొరుకుతూనే ఉంది, ఆ కబురు పైకి చెప్పే నరమే లేదు.

కనిపెట్టింది వదిన. ఉతకడానికి మేజోళ్లు తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసింది. కళ్లు అంతంతమాత్రమే గాని ముక్కు బాగా పనిచేస్తుంది.

"ఏమే, ఇదేంటి?"

"చెప్పు కరిచింది వదినా. మానిపోయింది."

"మానిపోయిన పుండు మేజోడుకి మరక చేస్తుందా? ఏదీ, కాలిలా పెట్టు."

"అబ్బ, ఉండు వదినా, పొద్దుట్నుంచీ ఊళ్లోవాళ్ల కాళ్లే చూసొచ్చాను, ఇప్పుడు నా కాలు..."

"అదే నేనూ చెప్పేది. ఊరందరి కాళ్లూ చూస్తావు, నీ కాలు చూసే దిక్కు లేదు. పెడతావా, లాగమంటావా?"

పట్టీ ఊడదీసి చూడగానే వదిన తిట్టడం మాని, ఆసుపత్రి చీటీలు వెతకడం మొదలుపెట్టింది. పెద్దక్కకు అప్పుడు భయం వేసింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ సర్కారు ఆసుపత్రి వరండాలో ఉన్నారు.

అక్కడ కట్లు కట్టే గదిలో ఒక సిస్టరు ఉండేది. పొడవాటి మనిషి, ముక్కుసూటి మాట. పుండు శుభ్రం చేసి, లోతు చూసి, "ఈ కాలు నేల మీద పెట్టకూడదు" అంది. పెద్దక్క తలూపి, ఆసుపత్రి నుంచి నేరుగా షాపుకి వెళ్లింది. సగం ధరల అమ్మకం నడుస్తోంది, అది అయ్యేదాకా ఎవరికీ సెలవు లేదు. ఉద్యోగం ఊడిపోతే మళ్లీ దొరికే వయసు కాదు. వదిన కాజాల మీద ఇద్దరు బతకలేరు.

వారం వారం కట్టు మార్పించుకునేది. యాంటీబయాటిక్ వాడింది. పైపైన చీము తగ్గింది కాని అడుగున ఎర్రటి కొత్త కండ రావడం లేదు. పుండు పాలిపోయి, అలిగిన మనిషిలా ఉన్నచోటే ఉండిపోయింది. ఒకరోజు సిస్టరు కత్తెర పక్కన పెట్టి, ఆమె ముఖంలోకి చూసింది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"అందరికీ వస్తుంది కదా సిస్టర్. వయసు."

"ఎన్ని మెట్లెక్కాక?"

"సగం."

"ఛాతీలో నొప్పి?"

"లేదు, ఎప్పుడూ లేదు. గుండెకేం ఢోకా లేదు సిస్టర్. బాగు చేయాల్సింది కాలే."

"నొప్పి లేదన్నావు కాబట్టే భయం," అంది సిస్టరు. "ఈ కాల్లో నొప్పి ఉందా? లేదుగా. చూడు ఎలా ఉందో."

ఈసీజీ తీశారు. తర్వాత గుండె స్కానింగ్. గుండె డాక్టరు ఒక నడివయసు ఆవిడ. తెర మీద చూపించి చెప్పింది. ఎడమ వైపు గోడలో ఒక భాగం సరిగ్గా కదలడం లేదు, పాత మచ్చ ఉంది.

"మీకు ఇదివరకే ఒకసారి గుండెపోటు వచ్చిందమ్మా."

"నాకా? రాలేదండీ."

"చెమటలు పట్టి, వాంతయి, నీరసంతో పడిపోవడం లాంటిది ఎప్పుడైనా?"

పెద్దక్కకు గోడౌనులో ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. వదినకు ఒక్కసారిగా అర్థమైంది. "గ్యాస్ అన్నావు కదే!" అంది. ఆ మాట తిట్టులా మొదలై ఏడుపులా ముగిసింది.

గుండెపోటు వచ్చిన రోజున ఆ మనిషిని కస్టమర్ల కంట పడకుండా దాచారు. సాయంత్రం మళ్లీ పనిలోకి దించారు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. సోడా తెచ్చినమ్మాయి ప్రేమతోనే తెచ్చింది. నొప్పి లేని గుండెపోటు ఉంటుందని, షుగరున్నవాళ్లలో అది మామూలేనని వాళ్లలో ఎవరికీ తెలియదు. తెలియజేయాల్సిన బాధ్యత తమదని అనుకున్నవాళ్లూ లేరు.

నాళాల్లోకి మందు పంపి తీసిన ఫొటోల్లో సంగతి ఇంకా స్పష్టమైంది. ఒకచోట కాదు, గుండె నాళాలు చాలాచోట్ల సన్నబడ్డాయి. పెద్దక్క అడిగింది, "కాలికి పుండు, గుండెకి జబ్బు, రెండూ ఒక్కసారే ఎలా వచ్చాయండీ?"

"రెండు కాదమ్మా, జబ్బు ఒక్కటే," అంది డాక్టరు. "రక్తనాళాల లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. రక్తం దానిమీద నున్నగా జారాలి. షుగరు ఎక్కువగా ఉంటే ఆ పొర గీసుకుపోతుంది."

"లైనింగు పోయినట్టు," అంది పెద్దక్క. "పైన తోలు మెరుస్తూనే ఉంటుంది, లోపల లైనింగు లేచిపోతుంది."

"అలాగే. అందరికీ కాస్తో కూస్తో పోతుంది. కాని ఒళ్లు ఊరుకోదు. గాయమైన చోటికి ముందు మనుషుల్ని పంపుతుంది, పాడైనదాన్ని పీకేయడానికి. అప్పుడే అక్కడ ఎర్రగా వాస్తుంది. వాళ్లు పని ముగించుకుని వెళ్లిపోతే, వెనకాల కట్టేవాళ్లు వచ్చి కొత్త పొర వేస్తారు, కొత్త నాళాలు కూడా మొలిపిస్తారు. షుగరున్నవాళ్లలో ఏమవుతుందంటే..."

"పగలగొట్టడానికొచ్చినవాళ్లు పోరు," అని వదిన అందుకుంది. "మా వీధిలో కాలవ తవ్వినట్టు. తవ్విపోశారు, కట్టేవాళ్ల జాడ లేదు. తవ్వినవాళ్లు మాత్రం రోజూ వచ్చి ఇంకాస్త తవ్వుతారు."

డాక్టరు నవ్వేసింది. "అదేనండీ. ఆ వాపు చల్లారదు, లోలోపల ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. ఎముకల మూలుగ నుంచి రావలసిన కట్టేవాళ్లేమో తక్కువమంది వస్తారు, వచ్చినవాళ్లకీ ఓపిక ఉండదు. కాల్లో మానని పుండు అదే. గుండె నాళాల్లో పూడికకీ మూలం అదే. పుండు కంటికి కనిపిస్తుంది, గుండె కనిపించదు. అంతే తేడా."

ముందు కాలి పుండు తగ్గాలి, తర్వాత గుండెకు ఆపరేషన్. పుండులో చీము ఉండగా ఛాతీ తెరవలేరు. కాబట్టి కొన్ని నెలలు కాలు కింద పెట్టకూడదు. ఆ తర్వాత కూడా గంటల తరబడి నిలబడే పని వద్దు, మాత్ర మాత్ర వేళకి, తిండి తిండి వేళకి. ఇవన్నీ విని పెద్దక్క ఆలోచించింది ఆపరేషన్ గురించి కాదు. తిరిగొచ్చాక పని ఉంటుందా అని.

వదిన భుజం పట్టుకుని, కట్టు కట్టిన కాలితో షాపుకెళ్లింది. పని చేయడానికి కాకుండా అద్దాల తలుపు దాటడం అదే మొదటిసారి. గడియారం ఎదురొచ్చాడు. ముఖంలో కంగారు ఉంది, నిజమైన కంగారే.

"ఇలా ఎందుకొచ్చావు పెద్దక్కా, ఫోను చేస్తే సరిపోయేది కదా."

"ఒకటి అడగడానికొచ్చాను సార్. ఆపరేషన్ అయ్యాక వస్తాను. నాకు కౌంటరు దగ్గర ఒక కుర్చీ కావాలి. కాలికి సరిపడే బూట్లు కావాలి."

అతను గడియారం చూసుకున్నాడు. "నీకొక్కదానికి కుర్చీ వేస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడగనివ్వండి సార్."

"నేను మాత్రం కూర్చుంటున్నానా? పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను."

"అయితే నీకూ ఒకటి అడుగుదాంలే నాయనా," అంది వదిన. "మా నోరేం అరిగిపోదు."

వెనక కౌంటర్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. గడియారం నవ్వలేదు. పైవాళ్లకి చెబుతానన్నాడు. చెప్పాడో లేదో తెలియదు. పైనుంచి కబురేదీ రాలేదు.

కాలు పూర్తిగా దక్కలేదు. చిటికెనవేలు, దాని పక్క వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే పుండులో ఎర్రదనం వచ్చింది. కట్టు విప్పిన సిస్టరు, "ఇదిగో, కండ పడుతోంది!" అని గట్టిగా అరిస్తే పక్క గదిలోంచి మనుషులు తొంగిచూశారు. గుండె ఆపరేషన్ కూడా జరిగింది. రెండో కాలి నుంచి, ఛాతీ లోపలి నుంచి నాళాలు తీసి గుండెకు కొత్త దారులు వేశారు. ఇంటికి పంపే రోజున డాక్టరు మంచం పక్కన కూర్చుని గట్టిగా చెప్పింది.

"దారులు కొత్తవే వేశాం గాని ఒళ్లు పాతదేనమ్మా. లోపల రగిలేది చల్లారకపోతే వీటినీ తినేస్తుంది. ఆ పాత అలవాట్లు మానుకోవాలి మీరు."

"మాత్ర మానడం, నీళ్లు మానడం, తిండి ఆలస్యం చేయడం... అవి నా అలవాట్లు కావండీ," అంది పెద్దక్క. "షాపు అలవాట్లు."

"షాపుకి నేను మందు రాయలేను కదమ్మా," అంది డాక్టరు.

పెద్దక్క తిరిగి వెళ్లేసరికి ఆమె కౌంటరు దగ్గర ఇంకెవరో నిలబడి ఉన్నారు. గడియారం ఆ రోజు పై అంతస్తులో ఏదో పని కల్పించుకున్నాడు. రేడియో ఏడ్చింది. ఏడ్చి ఊరుకోలేదు. అంతస్తులో ఆడవాళ్లందరితోనూ మాట్లాడింది, నోరెలాగూ ఆగదు కదా. ఒక పొద్దున అందరూ సొంత చెప్పులతో వచ్చారు. ఒక్కొక్కరిని పిలిచి అడిగితే ఒక్కొక్కరూ ఒకటే చెప్పారు: "మా సైజు ఇస్తే వేసుకుంటాం." వారం రోజులు యాజమాన్యంవాళ్లు బెదిరించారు. తర్వాత, ఎవరి కాలికి సరిపడేవి వాళ్లు ఏరుకోవచ్చని ఒప్పుకున్నారు. ఇరుకు బూట్ల రూలు అక్కడితో పోయింది. కుర్చీ మాత్రం రాలేదు, ఇప్పటికీ లేదు.

ఇప్పుడు పెద్దక్క వదినకు ఎదురుగా కిటికీకి అటువైపు కూర్చుంటుంది. కాజాలు నేర్చుకుంటోంది. "చెప్పుల షాపుదానివి, సూదిని షూ తొడిగినట్టు తోస్తావేంటి" అని వదిన రోజూ తిడుతుంది. ఇద్దరి సంపాదనా కలిపినా ఇదివరకటి జీతం అంత రాదు. కాని మాత్ర వేళకి పడుతోంది. దాహమైతే తాగుతోంది. షుగరు అదుపులోకి వచ్చింది, వీధి చివరిదాకా ఆగకుండా నడుస్తోంది.

షాపు సెలవు రోజున ఆడవాళ్లు ఒకరో ఇద్దరో వస్తారు. కబుర్లకని వస్తారు గాని కూర్చోగానే పెద్దక్క, "కాళ్లిలా పెట్టు" అంటుంది. వేళ్ల సందులు, అరికాలు, మడమ పగుళ్లు అన్నీ చూస్తుంది. మొన్న ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైతే వదిన వెళ్లి తీసింది. గుమ్మంలో గడియారం. చేతిలో పళ్ల సంచీ. కుశలం అడిగాడు, నీళ్లు తాగాడు, గోడలు చూశాడు. అతనికి గోడలు చూసే పని లేదని వదినకు తెలిసిపోయింది.

"దాచుకోకు నాయనా. ఏ కాలు?"

అతను బూటు విప్పాడు. మడమ పక్కన నల్లబడ్డ పొక్కు. పెద్దక్క అలవాటుగా అతని పాదం ఒళ్లోకి తీసుకుంది.

"షుగరుందా సార్?"

"ఉంది. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇది... కరిచిందిలే, సర్దుకుంటుంది అనుకున్నాను."

"నొప్పి ఉందా?"

"లేదు."

పెద్దక్క వదిన వైపు చూసింది. వదిన అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. "పద, సిస్టరు ఉండే వేళే. నేను చూపిస్తాను."

"కుర్చీ సంగతి నిజంగా నా చేతుల్లో లేదు పెద్దక్కా," అన్నాడతను లేస్తూ.

"తెలుసు సార్. ముందు కాలు చూపించుకోండి. గుండె కూడా చూడమని చెప్పండి, నొప్పి లేకపోయినా సరే."

అతనికి పొక్కు పైపైనే ఉంది. మానుతుందన్నారు. గుండె పరీక్షల్లో ఇంకా కొన్ని తేలాల్సి ఉంది.

షాపుకి తాను మందు రాయలేనంది డాక్టరు. నిజమే, ఆవిడ రాయలేదు. మనం రాయగలం. ఇది చదవడం అయిపోగానే మీ ఇంట్లో షుగరున్నవాళ్లని కూర్చోబెట్టి పాదాలు చూడండి. నొప్పి ఉందా అని అడిగి వదిలేయకండి, మీ కళ్లతో చూడండి. మానని పుండు కనిపిస్తే, కొన్ని మెట్లకే ఊపిరి అందకపోతే, కట్టు కట్టించి సరిపెట్టకుండా గుండె పరీక్ష అడిగి చేయించండి. ఉన్నట్టుండి చెమటలు పట్టి, వాంతయి, కూలబడిపోతే గ్యాస్ అని సోడా తాగించకండి. ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకొకటి. ఈసారి ఏ షాపుకి వెళ్లినా, అమ్మే మనిషి కూర్చోవడానికి ఏముందో చూడండి. ఏమీ లేకపోతే జాలిపడి ఊరుకోవద్దు. అమ్మే మనిషిని ఇబ్బంది పెట్టకుండా, యజమానినే అడగండి: వీళ్లకి కుర్చీ ఏది, మంచినీళ్లు ఏవి, తిండి వేళ ఎప్పుడు? జవాబు రాకపోతే కొనకుండా బయటికి వచ్చేయండి, ఎందుకు వచ్చేస్తున్నారో చెప్పి మరీ రండి. కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి. మీరే యజమానులైతే ఎవరూ అడగక ముందే, రేపు షాపు తెరిచేటప్పుడే కుర్చీలు వేయించండి.